ఫిల్ము వెనక పలక

ఎవరేమడిగినా వరహాలయ్య మాస్టారు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. విజయనగరంలో ఆయనది కెమెరాలు బాగుచేసే ఇరుకు కొట్టు. అడిగినవాడి చేతిలో ఏదో ఒక పని పెట్టి, తాను బీడీ ముట్టించి వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు.

శ్రావణం ముసురులో ఒకనాడు శిష్యుడు గౌరేశు అడిగాడు. కొత్త పెళ్లికొడుకు. ఆషాఢానికి పుట్టింటికి పంపిన భార్య పైడమ్మను శ్రావణం వచ్చినా తెచ్చుకోలేదు. ఎక్కడికెళ్తున్నావు, తిన్నావా, ఎప్పుడొస్తావు అని ఆమె అడుగుతుంటే ఊపిరాడదట. పౌర్ణమిలోగా రాకపోతే మరి రావద్దని ఆమె కబురంపింది.

“ప్రేమ ఉన్నచోట ఈ ఒత్తిడి ఏంటండి గురువుగారూ? మబ్బుని ఎవరైనా కట్టేసుకుంటారా?”

“మబ్బుతో కాపరం చేస్తావేటిరా?” అని మాస్టారు తన సొంత కెమెరా అతని ముందు పెట్టాడు. ఫిల్ము మీద గీతలు పడుతున్నాయి, చూడమన్నాడు. ఊరందరికీ ఫోటోలు తీసిన మనిషి, ఇంట్లో మంచం పట్టిన భార్య నరసమ్మగారికి ఒక్కటీ తియ్యలేదు. ఆవిడ ఉండగానే తియ్యాలని ఆయన తొందర. మంచంలోంచి కూడా ఆవిడ రోజూ “గొడుగు తీసుకున్నావా?” అని కేకేసేది. ఆయన విసుక్కుంటూ గుమ్మం దాటేవాడు. పొద్దున్నే కొట్టు తాళాల కోసం వాళ్లింటికి వెళ్లే గౌరేశుకి ఆ కేక కంఠతా వచ్చు.

కెమెరా వెనక మూత తెరిస్తే లోపల నల్లటి పలక, దాని వెనక స్ప్రింగులు. ఫిల్మును వెనకనుంచి ఒత్తి చదునుగా నిలబెట్టే ప్రెషర్ ప్లేటు అది. గీతలు పడ్డ ఫిల్మును చూసి గౌరేశు మనసు కరిగింది. పాపం, ఎంత నలిగిపోయిందో అనుకున్నాడు. స్ప్రింగులను వంచి, ఒత్తిడి తగ్గించి ఇచ్చేశాడు.

మర్నాడే మాస్టారు రీలంతా తీశాడు. మూడోనాడు నరసమ్మగారు పోయారు.

దినాలు ముగిసి కొట్టు తెరిచేసరికి పౌర్ణమికి ఒక్కరోజే ఉంది. మాస్టారు వానలో తడిసి వచ్చి ఫిల్ము కడిగాడు. ఒక్క గీత లేదు. ప్రతి ఫోటోలోనూ తలగడ అంచులు, మంచంకోళ్లు స్పష్టంగా ఉన్నాయి. నడుమ ఆవిడ ముఖం మాత్రం నీళ్లలో కలిసిన పాలలా చెదిరిపోయింది. పట్టు లేక ఫిల్ము మధ్యలో ఉబ్బింది మరి. ఎదుటి మెకానిక్ షెడ్డులో, క్లచ్చిలోని ప్రెషర్ ప్లేటు అరిగిన ఆటో ఒకటి గొంతు చించుకుంటోంది గానీ అడుగు కదలడం లేదు.

స్ప్రింగులు వదులు చేసింది తానేనని గౌరేశు చెప్పాడు. చెంపదెబ్బ కోసం ఎదురుచూశాడు. మాస్టారు పలక మీద వేలు నెమ్మదిగా నడిపి, అంటుకున్న ఇసుక రేణువొకటి చూపించాడు.

“గీసింది ఇదిరా. గుడ్డతో తుడిస్తే పోయేది.”

ఆయన వీధివైపు తిరిగాడు. చొక్కా అంచు పిండుకుంటూ, మెల్లగా అన్నాడు:

“గొడుగు తీసుకున్నావా అని ఇవాళ ఎవరూ అడగలేదురా.”