రెండు గట్ల కాపలా

ఇంతకు ముందు నేనెప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతి దాకా చదివాను, అంతే. నలుగురిలో చెప్పాలంటే సిగ్గు, అందుకని రాస్తున్నాను. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

రెండు అడవుల నడుమ ఒక ఏరుంది. ఇవతల ఇసకలో తీతువు పిట్ట కాపలా. అవతల బండ మీద కొండముచ్చు కాపలా. ఒక గట్టు వాళ్లు ఇంకో గట్టు మీద పెత్తనం చెయ్యకూడదని కట్టుబాటు.

తీతువు అరిస్తే చాలు, ఇవతలి జంతువులు విసుక్కునేవి.

"పొద్దున్నే మొదలెట్టావా తల్లీ! ఆ కొండముచ్చుని చూడు. ఒక్క దగ్గు దగ్గాడంటే అడవంతా జాగ్రత్త పడుతుంది."

తీతువుకి ఒళ్లు మండిపోయేది. "నీడలో కూర్చుని దగ్గేవాడికి పేరు. ఎండలో కాళ్లు కాల్చుకునేదానికి తిట్లు. ఏం చూసుకుని వాడికంత?"

అలా ఉండగా నక్క రేవు దగ్గర తిరగడం మొదలెట్టాడు. కుందేళ్ల ఇళ్లకి వెళ్లి, "అవతల అడవిలో లేతగడ్డి కొరకడానికి పిల్లలు కావాలిట. కడుపునిండా తిండి. వానలు పడగానే నేనే తెచ్చి దింపుతా" అని నమ్మించాడు. ఇద్దరు పిల్లల్ని ఏరు దాటించాడు. వానలు పడ్డాయి, వెలిశాయి. పిల్లలు రాలేదు.

తీతువు అంతా చూసింది. దానికి అనుమానం వచ్చింది కూడా. ఇంతలో అవతలి నుంచి కొండముచ్చు కేకేశాడు.

"తీతువక్కా! నక్క వెంట మీ పిల్లలేమైనా ఇటొచ్చారా?"

'నేను చెబితే వీడు పట్టుకుంటాడు. పేరు మళ్లీ వీడికే' అనుకుంది తీతువు. "బండ మీంచి అంతా కనబడుతుందంటారుగా తమ్ముడూ! నువ్వే చూసుకో" అంది.

పొదలోంచి నక్క ఇకిలించాడు. "భలే చెప్పావు వదినా! నీ గొంతు పగిలిన కుండ మోతలా ఉంటుందన్నాడు ఆ కొండముచ్చు."

అంతే, తీతువు ఆ గట్టు వైపు చూడడం కూడా మానేసింది. ఈసారి నక్కని తానొక్కతే పట్టి, పేరంతా తానే కొట్టేయాలనుకుంది. ఒకరోజు పొద్దున నక్క మరో ముగ్గురు పిల్లల్ని దాటిస్తుంటే అందుకే కూత పెట్టకుండా వెనకాలే ఎగిరింది. అవతలి పొదల్లో నక్క జాడ తప్పిపోయింది.

తిరిగొచ్చేసరికి తల్లి కుందేలు ఇసకలో కూలబడి ఉంది.

"వదినా, నా చిన్నది నాకు చెప్పకుండా నక్క వెంట పోయిందట. నువ్వు రేవులోనే ఉన్నావుగా, చూశావా?"

తీతువు మళ్లీ ఏరు దాటి తిన్నగా బండ మీద వాలింది.

"తమ్ముడూ, తిట్టాలనుకుంటే తర్వాత తిట్టు. నక్క ముగ్గురు పిల్లల్ని తెచ్చాడు. మీ గట్టు వాళ్లే పనికి పిలిచారని మాతో చెప్పాడు."

కొండముచ్చు ఉలిక్కిపడ్డాడు. "మాతో తల్లిలేని పిల్లలన్నాడే! మీ పెద్దలే పంపించారన్నాడు. ఎర్రగుట్ట గుహ దగ్గర తోడేలుతో బేరమాడుతుంటే చూశాను. ఏం బేరమో తెలియలేదు."

"మరి నన్ను మళ్లీ అడగొచ్చుగా?"

"ఎలా అడుగుతాను? నీకు రెక్కలున్నాయి, ఎక్కడికైనా ఎగురుతావు. నిన్ను చూస్తే నాకూ కుళ్లేనక్కా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక ఆలస్యం చెయ్యలేదు. తీతువు వెళ్లి ఇవతలి రేవులో అడవిదున్నని నిలబెట్టి వచ్చింది. కొండముచ్చు తన మందతో గుహని చుట్టుముట్టాడు. తోడేలు కొండెక్కి పారిపోయాడు. నక్క పొదల చాటున దూరాడు గానీ, పైనుంచి తీతువు కూతతో వాడెటు పోతే అటు చూపించింది. వాడు పరుగున ఏట్లోకి దిగి వెనక్కి తిరిగి నవ్వాడు.

"మీ హద్దు అయిపోయింది బావలూ! ఇంటికి పొండి!"

ముందుకి తిరిగేసరికి ఎదురుగా దున్న కొమ్ములు.

"వదినా, నేను మీ గట్టు వాణ్ణే కదా!" అని ఏడుపు మొహం పెట్టాడు.

"అయితే గట్టెక్కు, మాట్లాడుకుందాం" అంది తీతువు.

"కొండముచ్చు బావా, నువ్వైనా..."

"ఇటొచ్చినా సరేరా, మేమూ ఇక్కడే ఉన్నాం."

మోకాటి లోతు నీళ్లలో నిలబడి నక్క అంతా ఒప్పుకున్నాడు. గుహలోంచి ముగ్గురు పిల్లలూ బయటికొచ్చారు. ముందు వెళ్లిన ఇద్దరూ లేరు. వాళ్లని అప్పటికే కొండ అవతల ఉన్న మూడో అడవికి దాటించేశారు. ఆ అడవి కాపలా గద్దకి కబురు తీసుకుని తీతువే బయల్దేరింది. ఈసారి పేరెవరికి వస్తుందని అడగలేదు.

కాపలావాళ్లు ఒకరిని చూసి ఒకరు కుళ్లుకున్నన్నాళ్లూ దొంగకి ఏ గట్టు మీదైనా దారి దొరుకుతుంది.

ఈ కథ రాసిన మర్నాడు పొద్దున్నే మా వీధి చివర ఉండే వరహాలమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడకి కొత్త డాబా వేశారని కుళ్లుకుని ఏడాదిగా పలకరించలేదు. మొన్న దుబాయిలో పని ఇప్పిస్తానని మా పిల్ల కోసం వచ్చినాయనే, వాళ్ల పిల్లని మస్కట్ పంపిస్తానని చెప్పాడట. ఇద్దరం అక్కణ్నుంచే పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం.