ఇనుప తోరణం

అనగనగా, గుర్రాలు లాయంలో పడుకుని గురకపెట్టడం నేర్చుకున్నాక, మోటారు బండ్లు కూడా ముసలివైపోయిన కాలంలో, కొండల నడుమ నెమలికోట అనే చిన్న రాజ్యం ఉండేది. దాని రాజు మణిశేఖరుడు. వయసు చిన్నది, మనసు మంచిది. మెరిసేది ఏదైనా కంటపడితే మాత్రం ఇక చుట్టుపక్కల ఏమున్నా అతనికి కనిపించేది కాదు.

ఆ రాజుకు తాతగారి నాటి కారు ఒకటి ఉండేది. పాలమీగడ రంగు, పొడవాటి ముక్కు, పళ్ళేలంత దీపాలు. జనం దాన్ని ఐరావతం అనేవారు. పూర్వం అది వీధిలోకి వస్తే కల్లు గీసేవాడు చెట్టు మీదే ఆగిపోయేవాడట, ఏడ్చే పిల్లలు ఏడుపు సంగతి మరిచిపోయేవారట. మణిశేఖరుడికి దానిమీద ఎంత ప్రేమంటే, దుమ్ము పడుతుందని బయటికి తీయడమే మానేశాడు. రోజూ పొద్దున్నే పట్టుగుడ్డతో తానే తుడిచేవాడు. తుడిచి, ఎదురుగా కుర్చీ వేసుకుని, తన ముఖం అందులో చూసుకుని మురిసిపోయేవాడు.

అతన్ని పెంచి పెద్దచేసింది నాయనమ్మ. ఊరందరికీ ఆమె పెద్దరాణి. ఒకనాడు ఆమె మనవణ్ణి పిలిచింది.

"నాయనా, కొండ అవతల మా అక్క మంచం పట్టిందట. కళ్ళు తెరిచినప్పుడల్లా నన్నే అడుగుతోందట. ఒక్కసారి చూడాలని ఉందిరా."

"పల్లకీ సిద్ధం చేయిస్తాను నాయనమ్మా."

"ఆ కుదుపులకు నా ఎముకలు దారిలోనే రాలిపోతాయి. నన్ను పెళ్ళికూతురుగా ఆ కొండ దాటించి తెచ్చింది ఐరావతమే. అదే నన్ను మళ్ళీ తీసుకెళ్ళాలి."

కొండ దాటడం అంటే మాటలు కాదు. ఎక్కడం సులువే, దిగడమే కష్టం. ఒకపక్క బండ, ఒకపక్క ఆకాశం. అన్నిటికన్నా కిందనున్న మలుపును దేవుడా మలుపు అంటారు. అక్కడికి వచ్చేసరికి నాస్తికుడి నోట కూడా ఆ మాటే వస్తుంది కాబట్టి ఆ పేరు.

డ్రైవరు సోములు ఐరావతాన్ని ముందు కోట ఆవరణలోనే నడిపి చూశాడు. కారు కదిలింది. అంతా చప్పట్లు కొట్టారు. సోములు బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. అత్తారింటికి వెళ్ళే కొత్తకోడలిలా నెమ్మదిగా, తలవంచుకుని వెళ్ళి, గుమ్మం పక్కనున్న సున్నపు సింహానికి తగిలింది. సింహం ముక్కు ఊడి కింద పడింది.

సోములు కారు కిందికి దూరి, బెత్తెడు పొడవున్న ఇనుప గొట్టం ఒకటి ఊడదీసి తెచ్చాడు.

"ఇది బ్రేకు సిలిండరు ప్రభూ. నా కాలి బలాన్ని నూనె ద్వారా నాలుగు చక్రాలకూ పంచేది ఇదే. దీంట్లో నూనె నిలవడం లేదు."

"అయితే కొత్తది తెప్పించు."

"ఈ కారు చేసిన కంపెనీ మూతపడి ఎన్నాళ్ళయిందో. ఆ స్థలంలో ఈపాటికి ఎవరో వంకాయలు పండిస్తుంటారు. కొత్తది దొరకదు ప్రభూ. ఉన్నదాన్నే బాగుచేయించాలి."

కొండ కింద కమ్మరిపేటలో అలాంటి పనివాళ్ళ వీధి ఒకటుంది. చచ్చిన యంత్రాలకు ప్రాణం పోసే వీధి అది. గుర్రాల్ని నిద్రలేపి, జట్కా కట్టించుకుని, సోములుతో కలిసి రాజు అక్కడికి వెళ్ళాడు. వీధి మొదట్లోనే నిలబడిపోయాడు. పట్టపగలే చుక్కలు రాలినట్టు నిప్పురవ్వలు, గుండెల్లో మోగే సుత్తిదెబ్బలు. తన కోటలో వినిపించే సన్నాయికి ఇంత బలం లేదనుకున్నాడు.

మొదటి దుకాణం మెరుగు మాణిక్యానిది. ఎర్ర బట్ట పరిచిన బల్లమీద యంత్రాల ముక్కలు వెండి నగల్లా తళతళలాడుతున్నాయి. ఎదురుగా ఇంకో దుకాణం ఉంది. దాని గుమ్మానికి మామిడాకులకు బదులు పగిలిన, వంగిన, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు తీగకు గుచ్చి తోరణంలా కట్టి ఉన్నాయి.

"అదేం అపశకునం?" అన్నాడు రాజు.

మాణిక్యం నవ్వాడు. "అది బ్రహ్మమాంబ దుకాణం ప్రభూ. ఆవిడ చేసి ఇచ్చాక చెడిపోయి తిరిగొచ్చినవి అవన్నీ. సిగ్గులేకుండా గుమ్మానికే కట్టుకుంది. నేను చేసింది ఒక్కటి కూడా ఇంతవరకూ తిరిగి రాలేదు."

రాజుకు ఆ మాట చాలు. మాణిక్యం సిలిండరును సాయంత్రానికల్లా కడియంలా మెరిపించి ఇచ్చాడు. సోములు బిగించాడు, నడిపాడు, తొక్కాడు. సింహం చెవి ఊడింది. సోములు గోటితో గీరితే వెండిరంగు పెచ్చులుగా లేచింది. లోపల ఏం మారిందో ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఏమీ మారలేదు.

రెండోసారి రాజు వెళ్ళింది భైరవయ్య దగ్గరికి. పాతదానికి బదులు ఇంకొకటి ఇచ్చి పంపుతాడని అతన్ని 'బదులు భైరవయ్య' అనేవారు. ఆయన అరల నిండా సిలిండర్లు పేర్చి ఉన్నాయి.

"ఎదురుచూపులు ఎందుకు ప్రభూ? మీది ఇక్కడ పడేయండి, ఇది పట్టుకెళ్ళండి. మీది బాగుచేసి ఇంకొకరికి ఇస్తాను. లోకమంతా ఇచ్చిపుచ్చుకోవడమే కదా."

"ప్రభూ, మనది మనకి..." అని సోములు నసిగాడు.

"ఇనుము ఇనుమే కదా సోములూ," అన్నాడు రాజు. తాతగారి సిలిండరు పోయి పాత సిలిండర్ల గుట్టలో పడింది.

ఎవరి కారుదో ఆ కొత్త సిలిండరు. సుత్తితో కొడితేగానీ లోపలికి పోలేదు. మొదట బాగానే పట్టింది. రెండోసారీ పట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నాక సోములు కాలు నేలకంటా దిగిపోయింది. సింహం ముందుకాలు ఊడింది.

అప్పుడు రాజు ఒక దృశ్యం చూశాడు. పెద్దరాణి పట్టుచీర కట్టుకుని, అక్కకు చేసిన సున్నుండల మూట ఒళ్ళో పెట్టుకుని, కదలని కారులో వెనకసీట్లో కూర్చుని ఉంది. ఎప్పుడు ఎక్కిందో ఎవరికీ తెలియదు.

"బాగయ్యేదాకా ఇక్కడే ఉంటానులే. మళ్ళీ ఎక్కడం దిగడం నా వల్ల కాదు," అంది.

రాజుకు ఏడుపొచ్చింది. ఉన్నపాటున కమ్మరిపేటకు పరుగెత్తాడు. భైరవయ్య గుట్ట చూపించి, "వెతుక్కోండి," అన్నాడు. నెమలికోట రాజు నేలమీద కూలబడి ఇనుప ముక్కలు తవ్వడం మొదలుపెట్టాడు. చేతులు నల్లబడ్డాయి, ఉంగరం ఎక్కడో జారింది. ఎలా గుర్తుపట్టాలో తెలియక, దొరికినదాన్నల్లా సూర్యుడికి ఎత్తి గొట్టంలోంచి చూశాడు. పైకి నున్నగా ఉన్నవాటి లోపల స్ఫోటకం మచ్చల్లా గుంటలు. ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ అంతే. జీవితంలో మొదటిసారి అతను ఒక వస్తువును లోపలినుంచి చూస్తున్నాడు.

ఇంతలో ఒక గొట్టంలో బంగారంలాంటి కాంతి కనిపించింది. లోపల పలచని ఇత్తడి తొడుగు. అక్కడక్కడ కిలుం పట్టింది. కానీ దాని అంచున, చీమ నిలబడేంత చోటులో, ఎవరో తామరపువ్వు చెక్కారు. రేకులన్నీ ఉన్నాయి. రేకుల మధ్య గీతలు కూడా ఉన్నాయి. రాజు కనురెప్ప వేయలేకపోయాడు.

"మనదే ప్రభూ," అన్నాడు సోములు. "మీ నాన్నగారు పాకే వయసులో ఉన్నప్పుడు మీ తాతగారు దీన్ని ఒకసారి బాగుచేయించారని మా అయ్య చెప్పేవాడు."

ఆ తామరను ఇంతకుముందు ఎక్కడో చూసినట్టు రాజుకు అనిపించింది. వీధి దాటి బ్రహ్మమాంబ గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. ఆ ఇనుప తోరణంలో, పగిలిన ప్రతి ముక్కమీదా అదే పువ్వు ఉంది.

బ్రహ్మమాంబ దుకాణంలోకి దూరబోతుంటే వంగిన ఇనుప ముక్క ఒకటి రాజు నుదుటికి ఠంగున తగిలింది. లోపల, పొడుగ్గా, బక్కగా, కళ్ళజోడు నుదుటిమీదికి ఎత్తుకుని ఉన్న ఆడమనిషి ఆకురాయితో ఏదో రాస్తోంది. తలెత్తలేదు.

"కాస్త పక్కకు జరగండి దొరా. వెలుతురుకు అడ్డం."

రాజు జరిగాడు. సిలిండరు చేతికిచ్చాడు. ఆవిడ వెలుతురుకు పెట్టి చూసింది. చేతిలో ఆకురాయి ఆగిపోయింది. గొట్టాన్ని కళ్ళకద్దుకుంది.

"మా మామగారి చేతి పని. నాకీ విద్య నేర్పింది ఆయనే."

"లోపల, ఎవరూ చూడని చోట, ఇంత అందమైన పువ్వు ఎందుకమ్మా?"

"ఎవరూ చూడకపోవడమేంటి? తర్వాత విప్పేవాళ్ళు చూస్తారు కదా. ఇవాళ నేను చూశాను, మీరు చూశారు."

రాజు వంగి ఆ పువ్వును మళ్ళీ చూశాడు. ఆ ముసలాయన పోయి ఎన్నాళ్ళో అయింది. ఎప్పుడో ఎవరో విప్పుతారని, వాళ్ళ ముందు తలవంపులు రాకూడదని, చీకటి గొట్టంలో పువ్వు పూయించి వెళ్ళాడు.

"మరి ఎందుకు చెడింది?" అని అడిగాడు చివరికి.

"బాగా వాడి అరగదీసి ఉంటే దీనికి గౌరవంగా ఉండేది. ఇది అరగలేదు దొరా. కదలకుండా నిలబెడితే నూనెకు చెమ్మ చేరి, లోపలినుంచి కిలుం పట్టింది. బండిని బాగా తుడిచారు, అస్సలు నడపలేదు. అవునా?"

రాజు తల వంచుకున్నాడు. సోములు దుకాణం కప్పు వైపు చూశాడు.

"ఆ తోరణం ఎందుకు కట్టుకున్నావమ్మా? దాన్ని చూసే నేను మొదట నీ దగ్గరికి రాలేదు."

"బాగున్నవన్నీ రోడ్లమీద తిరుగుతున్నాయి. వాటిని తెచ్చి గుమ్మానికి కట్టలేను కదా. నా దగ్గర మిగిలేవి తప్పులే. ఇదిగో, ఇది నాసిరకం రబ్బరు నమ్మినందుకు. అది కొలత సరిగా చూసుకోనందుకు. మీ నుదుటికి తగిలిందే, అది కోపంలో తొందరపడి చేసింది. దాన్ని నమ్మిన మనిషి కాలు విరిగింది. రోజూ నా తలకు తగలాలనే కిందికి కట్టుకున్నాను."

"ఎదురింటి మాణిక్యంవి ఒక్కటీ తిరిగి రాలేదట."

"నిజమే చెప్పాడు," అంది బ్రహ్మమాంబ. "బ్రేకు లేని బండి తిరిగి ఎలా వస్తుంది?"

ఆవిడ రేపు రండి, ఎల్లుండి రండి అనలేదు. రాజు కూడా కదల్లేదు. పాత తొడుగును వెంట్రుకవాసి చొప్పున వదులు చేసి బయటికి లాగింది. కొత్త ఇత్తడికి చెవి ఆనించి, వేలితో మీటి, మళ్ళీ మళ్ళీ కొలిచింది. ఇనుమును పొయ్యిలో కాచి, ఇత్తడిని చన్నీళ్ళలో ముంచి, కాగిన దాంట్లోకి చల్లారినదాన్ని ఒక్క ఊపున జార్చింది. చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడు వచ్చింది. అంతే, ఆ రెండూ ఇక ఎప్పటికీ విడిపోవు. ఆ క్షణంలో రాజు తనకు తెలియకుండానే చేతులు జోడించాడు. తర్వాత ఆవిడ కళ్ళజోడు దించుకుని, ఊపిరి బిగబట్టి, లోపల పువ్వు చెక్కింది.

పైన మాత్రం పాత ఇనుము పాతగానే ఉంది.

"రంగు వేయవా?"

"ఆ పనికి మీరున్నారని సోములన్న చెప్పాడులెండి," అంది ఆవిడ.

ఊడదీసిన పాత తొడుగును గుడ్డలో చుట్టి చేతిలో పెట్టింది. "తీసేసినదాన్ని చూపించి ఇవ్వడం మా ఇంటి ఆనవాయితీ. న్యాయానికి దీన్ని తోరణానికి కట్టాలి. కానీ ఇందులో మా మామగారి తప్పు లేదు."

"లేదు. తప్పు నాది," అన్నాడు రాజు. దాన్ని తనే తీసుకున్నాడు.

కోట ఆవరణలో సోములు మళ్ళీ బ్రేకు తొక్కాడు. కారుకూ సింహానికీ మధ్య నిమ్మకాయ పట్టేంత సందు మిగిలింది. పెద్దరాణి వెనకసీట్లోంచే, "ఇక పదండి," అంది. ముందుసీట్లో బ్రహ్మమాంబ అప్పటికే కూర్చుని ఉంది. "నా పని కొండ దిగుతుంటే నేను ఇంట్లో కూర్చోలేను," అంది, ఎవరూ అడక్కుండానే.

ఐరావతం కొండెక్కింది. పైన మేఘాలు కారు చక్రాలకన్నా కిందికి పోయాయి. తాను తుడిచి దాచుకున్న వస్తువు ఇంత ఎత్తుకు తీసుకురాగలదని రాజుకు ఎన్నడూ తెలియదు. అతను చిన్నపిల్లాడిలా కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ కూర్చున్నాడు.

దిగుడు మొదలైంది. మలుపు తర్వాత మలుపు. దేవుడా మలుపు తిరిగేసరికి, దారికి సరిగ్గా నడుమ ఒక ఆవు నిలబడి దూడకు పాలిస్తోంది. ఒకపక్క బండ, ఒకపక్క ఆకాశం. సోములు కాలు బిగించి తొక్కాడు.

ఐరావతం ఆగింది. చక్రం కిందినుంచి ఒక గులకరాయి జారి లోయలో పడింది. అది కింద తగిలిన చప్పుడు ఎంతసేపటికీ వినిపించలేదు. ఆవు ఒకసారి తలతిప్పి చూసి, మళ్ళీ దూడను నాకసాగింది. దేవుడా అని కూడా ఎవరికీ నోరు రాలేదు. పెద్దరాణి ముందుకు వంగి బ్రహ్మమాంబ తలమీద చేయి వేసింది, తీయలేదు. దూడ కడుపు నిండేదాకా అందరూ అలాగే కూర్చున్నారు.

పొద్దు వాలకముందే అక్క మంచం పక్కకు చెల్లెలు చేరింది. అక్క కళ్ళు తెరిచింది.

"ఇంత ఆలస్యం చేశావేమే?" అంది.

"నా మనవడు కారు తుడుస్తున్నాడే," అంది పెద్దరాణి. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు.

నెమలికోటకు తిరిగొచ్చాక, సింహాన్ని బాగుచేయడానికి సున్నం తెచ్చిన మేస్త్రీని రాజు వెనక్కి పంపేశాడు. ముక్కూ చెవీ కాలూ లేని ఆ సింహం మెడకు పాత ఇత్తడి తొడుగును తన చేత్తోనే కట్టాడు. అప్పటినుంచి ఐరావతం రోజూ దాని ముందునుంచే బయటికి వెళ్ళేది, ఒళ్ళంతా దుమ్ముతో తిరిగి వచ్చేది. కొత్తవాళ్ళు ఎవరైనా, "ఇదేమిటి ప్రభూ?" అని అడిగితే, "నా తోరణం," అనేవాడు.

కాబట్టి పిల్లలూ, తప్పే చేయలేదని చెప్పుకునేవాడి మెరుపును కాదు, తన తప్పును గుమ్మానికి కట్టుకుని రోజూ దాని కింద తలవంచి నడిచేవాడి చేతిని నమ్మాలి.