జెండా కట్టుకున్న సొరచేప

ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగకి అవతల ఒక ఇసుక దిబ్బ ఉంది. ఎండాకాలం ఇవతలి గట్టు మీద గడ్డి మాడిపోయినా, ఆ దిబ్బ వెనక పల్లంలో మాత్రం పచ్చగానే ఉంటుంది. అందుకని సింగారి అనే గేదె రోజూ పొద్దున్నే మొగ ఈది అవతలికి వెళ్ళి, కడుపునిండా మేసి, పొద్దు వాలే వేళకి మళ్ళీ ఈదుకుంటూ వచ్చి దూడకి పాలిచ్చేది. నీళ్ళంటే దానికి పుట్టిల్లు.

దాని రాక గిట్టనిది ఒక్కడికే. దిబ్బ మీద మొగలి పొదల్లో కాపురముండే భద్రయ్య అనే నక్కకి. ఆ ఇసుకలో తాబేళ్ళు గుడ్లు పెడతాయి. భద్రయ్య వాసన పట్టి తవ్వబోయేసరికి సింగారి కొమ్ములు వంచి మీదికొచ్చేది. తాబేళ్ళ మీద ప్రేమతో కాదు. మేసేటప్పుడు నక్క అటూ ఇటూ తిరిగితే దానికి చిరాకు, అంతే.

ఒక సాయంత్రం సింగారి నీళ్ళలో దిగబోతుంటే భద్రయ్య ఎదురొచ్చి దిగులు మొహం పెట్టాడు. మొగలోకి సొరచేపలొచ్చాయన్నాడు. పైకి నల్లటి ముక్కోణం రెక్కొకటే కనిపిస్తుందట. మొన్న ఎవరిదో గేదెని నడుముకి సగం చేస్తే, మిగతా సగం ఒడ్డుకి నడిచొచ్చి కూలబడిందట.

"అంతకంటే అన్యాయం ఇంకోటుంది వదినా," అన్నాడు. "ఈ సొర మాటాడతాది. ఏడుస్తాది, బతిమాల్తాది, పేరెట్టి పిలుస్తాది. ఎంత జాలిగా పిలిసినా ఎనక్కి తిరక్కు. తిరిగేవో, అయిపోయినట్టే."

సింగారి ఆ సాయంత్రం ఎలా ఈదిందో దానికే తెలీదు.

భద్రయ్య అంతటితో ఊరుకోలేదు. మొగలో జాలర్లు కొత్తగా వలలు వేశారు. వల ఎక్కడుందో దూరం నుంచి తెలియడానికి, తేలే బెండుకి వెదురు పుల్ల గుచ్చి, దానికి నల్లగుడ్డ జెండా కట్టడం అక్కడి అలవాటు. భద్రయ్య ఒక జెండా దగ్గరికి ఈది, బెండుకున్న తాడు ఉచ్చులోకి తల దూర్చాడు. జెండా సరిగ్గా వీపు మీద నిలబడింది. పైగా బెండు ఉండడంతో మునిగే బాధ కూడా లేదు. తన తెలివికి తనే మురిసిపోయాడు. జెండా ఉన్న చోట వల ఉంటుందని ఆ మొగలో ప్రతి పీతకీ తెలుసు. భద్రయ్య మాత్రం తాడుకి రెండో కొస ఎక్కడుందో చూడలేదు.

మర్నాడు సింగారి మెడలోతుకి రాగానే నల్ల ముక్కోణం ఒకటి దాని వైపు కదిలింది. వెనక్కి తిరిగి ఒడ్డుకొచ్చి పడింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నాలుగో రోజుకి పొదుగు వట్టిపోయింది. దూడ తలతో కుమ్మి కుమ్మి, పాలు రాక, తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపుకి సింగారి తట్టుకోలేకపోయింది. నీళ్ళ అంచున నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంది.

గట్టు దగ్గర తేలుతున్న ముసలి తాబేలు ఏమైందని అడిగింది. ఏడు సముద్రాలు తిరిగి, మసకబారిన కళ్ళతో వచ్చి ఆ దిబ్బలో గుడ్లు పెట్టిన పెద్దది అది. సింగారి అంతా చెప్పుకుంది. నాలుగు రోజులుగా తన గుడ్ల మీద కావలి లేకుండా పోయిందని తాబేలుకి అప్పుడర్థమైంది.

"బయం పోయేక ఈదుతానంటే ఎలాగే? నీ దూడ ఆకలికి అంత ఓపిక లేదు," అంది. "బయాన్ని కూడా ఈపు మీద ఎక్కించుకుని ఎల్లు. కొంగల్ని మొయ్యట్లేదేటి?"

"సొర ఎదురొస్తే పెద్దమ్మా?"

"నీల్లన్నీ ఎతక్కు. అవతల ఆ మొగలి పొదనే సూడు. ఒక ఊపిరి, నాలుగు కాళ్ళూ ఒక్కో తోపు. మల్లీ ఊపిరి. నల్లటిది కనబడితే పరిగెత్తే ముందు ఒక్కసారి నిదానంగా సూడు. నిజం సొరయితే నానే ముందు ఈది దారి సూపిస్తాను. నాను సూసిన సొరలన్నిట్లోనూ రెక్క గాలికి రెపరెపలాడింది ఒక్కటీ లేదు."

సింగారి దిగింది. భయం పోలేదు. గుండె దడదడ కొట్టుకుంటూనే ఉంది. ఒక ఊపిరి, నాలుగు తోపులు. మెడలోతు దాటింది. నల్ల ముక్కోణం రానే వచ్చింది. సింగారికి ఒళ్ళంతా జలదరించింది. అయినా పొద మీంచి చూపు మరల్చి ఒక్కసారి నిదానంగా చూసింది.

రెక్క గాలికి రెపరెపలాడుతోంది. దాని కింద రెండు చెవులున్నాయి. మధ్యమధ్య ఉప్పునీళ్ళు మింగి దగ్గుతోంది కూడా.

సింగారి మళ్ళీ పొద వైపు చూసి ఈత సాగించింది. భద్రయ్యకి కంగారు పుట్టింది. రోజూ నాలుగు బారలు కదిలితే చాలేది, ఇవాళ గేదె ఆగడం లేదు. దారి అడ్డుకుందామని ఇటు తిరిగాడు, అటు తిరిగాడు, చుట్టూ తిరిగాడు. తిరిగిన కొద్దీ తాడు కాళ్ళకి చుట్టుకుంది, ఉచ్చు మెడకి బిగిసింది. సరిగ్గా అప్పుడే వల లాగడానికి జాలరి ఎర్రయ్య పడవ బయల్దేరింది.

"వదినా, సింగారొదినా," అని మొర పెట్టాడు భద్రయ్య. "నాను సొరని కాను. భద్రయ్యని. ఒక్కసారి ఇటు తిరుగు, ఈ తాడు కొరికెయ్యి."

"తిరగను," అంది సింగారి, తల కూడా తిప్పకుండా. "మా భద్రయ్య ముందే సెప్పేడు. ఎంత జాలిగా పిలిసినా తిరగొద్దన్నాడు. పెద్దమనిషి మాట కాదనకూడదు."

ఎర్రయ్య వల లాగితే కవళ్ళ చేపలతో పాటు నక్క పైకొచ్చింది. ఆయన నోరు తెరుచుకుని కాసేపు చూసి, తెడ్డుతో నాలుగంటించి, చిక్కు విప్పలేక తాడు కోసేశాడు. భద్రయ్య మెడలో పుల్లా జెండాతోనే దూకి దిబ్బ మీదికి పారిపోయాడు. ఉచ్చు ఈనాటికీ ఊడలేదు. పొదల్లోంచి నల్ల జెండా కదిలిందంటే చాలు, సింగారి మేత మానకుండానే కొమ్ములు అటు తిప్పుతుంది.

ఆ సాయంత్రం దూడ కడుపునిండా తాగి తల్లి కాళ్ళ దగ్గరే నిద్రపోయింది. సింగారికి నడిమొగలో ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అయినా ఈదుతుంది.

నీతి: భయం చెప్పే మాట వినాలి గానీ, కళ్ళతో నిదానంగా చూడనిదే నమ్మకూడదు.