చూసినవాడే పోయాలి

ఆ ఏడు శ్రావణంలో పేరిశాస్త్రికి గురువుగారంటే విసుగు పుట్టింది. పన్నెండేళ్ళు కాళ్ళ దగ్గర కూర్చుని గణితం నేర్చుకున్నవాడికి పుట్టకూడని విసుగే. కానీ పుట్టింది, ఏం చేస్తాం.

గొడవంతా మూడు రోజుల దగ్గర వచ్చింది. గురువుగారు యజ్ఞేశ్వర సిద్ధాంతిగారు ఏటా పంచాంగం కట్టి అచ్చుకిస్తారు. ఆ ఏటి పంచాంగంలో అగస్త్యోదయం శ్రావణ అమావాస్య అని వేశారు. పేరిశాస్త్రి లెక్కకు అది బహుళ ద్వాదశి, అంటే మూడు రోజులు ముందు. ఏడుసార్లు లెక్క కట్టాడు. ఏడుసార్లూ ద్వాదశే వచ్చింది.

అగస్త్యుడంటే దక్షిణపు చుక్క. ఎండాకాలంలో మాయమైపోయి, శ్రావణంలో ఒకనాటి తెల్లవారుజామున ఆకాశం అంచున మళ్ళీ తలెత్తుతుంది. అది లేస్తే వానల బురదనీళ్ళు తేరుకుంటాయని పెద్దల మాట. దానికి అర్ఘ్యం పోయడం సిద్ధాంతిగారి ఇంట్లో ఎన్ని తరాల నుంచో వస్తున్న పని.

పేరిశాస్త్రి కాగితాలు పట్టుకుని గురువుగారి ముందు కూర్చున్నాడు. తన లెక్కలో తప్పుంటే చూపించమన్నాడు. ఆయన చూపించలేదు. పోనీ అమావాస్య ఎలా వచ్చిందో చెప్పమన్నాడు. ఆయన అదీ చెప్పలేదు. వక్క నములుతూ, ఈ ఊళ్ళో కొబ్బరితోటల మధ్య దక్షిణం కనబడదు గనక కొంగలమడుగుకు పోదామన్నారు. చుక్క ఎవరు చెప్పిన రోజున కనబడితే వచ్చే ఏటి పంచాంగం వాళ్ళ లెక్కతోనే కడదాం, అట్టమీద వాళ్ళ పేరే వేద్దాం అని కూడా అన్నారు.

అట్టమీద పేరు! పేరిశాస్త్రికి ఆ రాత్రి నిద్రపట్టలేదు.

కొంగలమడుగు కొండల అవతల ఉంది. చివరి పల్లెలో బండి దిగి రెండు కోసులు నడవాలి. చాపలు, దుప్పట్లు, వంటగిన్నెలు, బియ్యం, ఆవకాయ జాడీ, లాంతరు, లెక్కల మూట, అన్నీ పేరిశాస్త్రి నెత్తిమీదా వీపుమీదా ఎక్కాయి. చాలవన్నట్టు గురువుగారు అతని భుజం పట్టుకుని నడిచారు. ఏటా బండివాణ్ణి తోడు పెట్టుకుని వచ్చే దారేగా, ఇవాళ తన భుజమే ఎందుకు కావలసి వచ్చిందో పేరిశాస్త్రికి అర్థం కాలేదు. పొద్దు వాలేసరికి ఇంకా అరకోసు మిగిలింది. అక్కడి నుంచి గురువుగారు మరీ గట్టిగా పట్టుకున్నారు.

మడుగు మాత్రం పెద్దది. మూడు వైపులా కొండలు, దక్షిణాన మాత్రం చూపు ఆనినంత దూరం నీళ్ళే. ఒడ్డంతా రెల్లు పూసి తెల్లగా ఉంది. మనిషి అలికిడి లేదు. పేరిశాస్త్రి నాలుగు కర్రలు పాతి, పైన పాత గోనెపట్టా కట్టి, కింద చాపలు పరిచాడు. తడికట్టెలు అంటుకోక ఊది ఊది కళ్ళు వాచాయి. అన్నం ఒక పక్క మాడి ఒక పక్క పలుకైంది. గురువుగారు ఆ అన్నమే ఆవకాయ కలుపుకుని, ఇంట్లో ఇంత రుచి ఎన్నడూ లేదంటూ తిన్నారు. అది మెప్పో ఎగతాళో తెలియక పేరిశాస్త్రికి ఇంకాస్త ఒళ్ళు మండింది.

తిన్నాక ఆయన ఒక సంగతి చెప్పారు. "మా ఇంట్లో ఒక కట్టు ఉందిరా పేరీ. చుక్కను కళ్ళతో చూసినవాడే అర్ఘ్యం పోయాలి. పంచాంగంలో ఉందికదా అని పోస్తే అవి ఉత్త నీళ్ళే."

పేరిశాస్త్రి సరేనని లాంతరు వెలిగించుకుని లెక్కల మూట విప్పాడు. ఎనిమిదోసారి లెక్క కట్టుకుంటే మనసుకు నిబ్బరంగా ఉంటుందని అతని ఉద్దేశం. కానీ గురువుగారు కట్టనివ్వలేదు. వెల్లకిలా పడుకుని ఒకటే ప్రశ్నలు. ముసలమ్మ మంచం చుక్కలు కొండ వెనక్కి దిగిపోయాయా? ఆకాశగంగ నడినెత్తికి వచ్చిందా? పేరిశాస్త్రి కాగితంలోంచి తల ఎత్తకుండానే జవాబులు చెప్పాడు. ఏ గడియకు ఏది ఎక్కడుండాలో అతనికి కంఠస్థం. అయినా పైన కనబడుతూనే ఉందికదా, తనను నంజుకు తినడమెందుకు?

"తేలు తోక నీళ్ళలో మునిగిందా?" అన్నారు గురువుగారు మళ్ళీ.

"మునగడానికి ఇంకా రెండు గడియలుంది."

"నేనడిగింది నిన్ను. కాగితాన్ని కాదు."

పేరిశాస్త్రి పళ్ళు కొరుక్కున్నాడు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు అన్నట్టుంది ఈయన వరస అనుకున్నాడు. అంతలో వాన వచ్చింది. గోనెపట్టా సరిగ్గా లెక్కల మూట మీద కారింది. దాన్ని ఒళ్ళో దాచుకుని, దోమలను కొట్టుకుంటూ, కప్పల గోల వింటూ, అతను రాత్రంతా ముడుచుకుని కూర్చున్నాడు. గురువుగారు మాత్రం చినుకులు మొహం మీద పడనిచ్చి హాయిగా నిద్రపోయారు.

తెల్లవారుజాముకు వాన వెలిసింది. అది ద్వాదశి.

పేరిశాస్త్రి నీటి అంచున నిలబడ్డాడు. తూర్పున వంకర చంద్రుడు. ఆగ్నేయాన చుక్కలన్నిటిలోకీ పెద్దవాడు లుబ్ధకుడు భగభగా వెలుగుతున్నాడు. వాడికి కుడిచేతి వైపు, కిందుగా, నీళ్ళమీద కనబడాలి అగస్త్యుడు. అక్కడ పలచని మంచుపొర తప్ప ఏమీ లేదు. కళ్ళు నులుముకుని చూశాడు. పక్కకు జరిగి చూశాడు. తూర్పు తెల్లబడుతోంది. ఇంకాసేపుంటే ఏ చుక్కా ఉండదు.

ఏడుసార్లు వచ్చిన లెక్క తప్పెందుకవుతుంది? చుక్క అక్కడే ఉంది, మంచు అడ్డం వచ్చిందంతే. ఉన్నదాన్ని ఉందంటే అబద్ధమెలా అవుతుంది? అట్టమీద అచ్చయిన తన పేరు ఒక్కసారి కళ్ళముందు కదిలింది.

"పేరీ, కనబడిందా?" వెనక నుంచి గురువుగారు అడిగారు. ఆయన ఎప్పుడు లేచారో తెలియదు.

"కనబడింది గురువుగారూ."

ఆయన దగ్గరికి వచ్చి తానూ చూస్తారని, చూసి ఏదో ఒకటంటారని అనుకున్నాడు. వాదనకు సిద్ధపడి నిలబడ్డాడు. గురువుగారు వాదించలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా పంచె ఎగగట్టి, నీళ్ళు నింపి రెల్లుపూలు వేసిన రాగికలశం తీసుకుని, మోకాలిలోతు నీళ్ళలోకి దిగారు. పేరిశాస్త్రిని రమ్మని కుడిచెయ్యి చాచారు.

"ఎక్కడుందో నా చేత్తో చూపించు."

"తమరికి కనబడటం లేదా?"

"చుక్కలు పోయి మూడేళ్ళయిందిరా. పగలు దారి తెలుస్తుంది, మనుషులు తెలుస్తారు. చీకటి పడితే నెత్తిన నల్ల కంబళి కప్పినట్టే. మూడేళ్ళుగా ఇక్కడికి వచ్చి, ఒడ్డున కూర్చుని, అర్ఘ్యం పోయకుండానే తిరిగొస్తున్నాను. బండివాడికి ఏ చుక్క ఏదో తెలియదాయె."

పేరిశాస్త్రికి దారి పొడుగునా భుజం మీదున్న చెయ్యి గుర్తొచ్చింది. రాత్రి అడిగిన ప్రశ్నలన్నీ గుర్తొచ్చాయి. ఒక్కదానికైనా తను తల ఎత్తి చూసి జవాబు చెప్పలేదు.

అయినా చెయ్యి చాచి ఉంది. ఏం చెయ్యాలో తోచక, నీళ్ళలోకి దిగి, ఆయన వేలు పట్టుకుని, లెక్క ప్రకారం చుక్క ఎక్కడుండాలో అక్కడికి చూపించాడు. గురువుగారు ఆ దిక్కుకు మొహం పెట్టి కాసేపు నిలబడ్డారు. తరువాత కలశం పేరిశాస్త్రి చేతుల్లో పెట్టారు.

"పొయ్యి."

"నేనా?"

"చూసినవాడే పోయాలి."

ఆ మాట అని ఆయన దక్షిణానికి చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. నీళ్ళు చల్లగా కోసేస్తున్నాయి. పేరిశాస్త్రి కలశం వంచబోయాడు. రెల్లుపూలు జారి అంచు దాకా వచ్చాయి. అక్కడ చెయ్యి ఆగిపోయింది. గురువుగారు చేతులు జోడించుకుని అలాగే ఉన్నారు. తొందరపెట్టలేదు.

"కనబడలేదు గురువుగారూ," అన్నాడు పేరిశాస్త్రి.

ఆయన కళ్ళు తెరిచారు. కలశం తీసుకుని, నీళ్ళు మడుగులో వంచేసి, పూలు ఒడ్డున పెట్టారు. రేపటికి ఇవి వాడిపోతాయి, కొత్తవి కోసి ఉంచమన్నారు. ఆకలేస్తోంది, ముందు పొయ్యి రాజెయ్యమన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. పేరిశాస్త్రి ఆ రోజంతా తిట్టు కోసం కాచుకుని తిరిగాడు. అన్నం వడ్డిస్తుంటే తిట్టలేదు. గోనెపట్టా బాగుచేస్తుంటే తిట్టలేదు. చివరికి సాయంత్రం తనే ఉండబట్టలేక, ఇంత తప్పు చేస్తే ఒక్క మాటైనా అనరేమని అడిగాడు.

"రాత్రికి తేలు తోక మునిగిందో లేదో చూసి చెప్పు," అన్నారు గురువుగారు.

ఆ రాత్రి లాంతరు వెలగలేదు. లెక్కల మూట విప్పలేదు. పేరిశాస్త్రి గురువుగారి పక్కన చాప మీద వెల్లకిలా పడుకుని పైకి చూశాడు. పన్నెండేళ్ళు చుక్కల నడకలు కట్టాడు గానీ, అవి అన్ని ఉంటాయని అతనికి తెలియదు.

గురువుగారు ఊరుకుంటేనా! తేలు పొట్టలోని ఎర్రచుక్క ఇవాళ మినుకుమంటోందా, నిలకడగా ఉందా? తోక చివరి రెండు చుక్కల్లో ఏది ముందు నీళ్ళను తాకింది? తెలియదంటే, మళ్ళీ చూడమనేవారు. సరిగా చెబితే, ఊఁ, తరువాత? అనేవారు. నడిరాత్రి దాటాక పిల్లలకోడి లేచింది. దానిలో ఎన్ని చుక్కలు లెక్కకు వస్తున్నాయో చెప్పమని ప్రాణం తీశారు. ఆరంటే ఒప్పుకోలేదు. మరో పావుగంట చూసి, ఏడు అన్నాక వదిలారు. గొల్లకావడి చుక్కలు తూర్పుకొండ ఎక్కేటప్పటికి పేరిశాస్త్రి మెడ పట్టేసింది.

త్రయోదశినాడు చుక్క రాలేదు. చతుర్దశినాడు మబ్బు.

అమావాస్య వచ్చింది. అది గురువుగారి రోజు. ఆకాశం కడిగినట్టుంది. ఆ తెల్లవారుజామున పేరిశాస్త్రి చూసినట్టు ఏ చుక్క కోసమూ ఎవరూ చూసి ఉండరు. గురువుగారి మాట నిలబడాలని, ఆయన అర్ఘ్యం బాకీ తీరాలని, అట్టమీద ఆయన పేరే ఉండాలని మనసులో మొక్కుకున్నాడు. లుబ్ధకుడికి కుడివైపున మంచుపొర అలాగే ఉంది. దానిమీద ఏమీ లేదు. కనబడిందని ఒక్క మాటంటే ముసలాయన ఎంత సంతోషిస్తాడో అతనికి తెలుసు.

"కనబడలేదు గురువుగారూ."

"సరిగా చూశావా?"

"చూశాను."

గురువుగారికి మొదటిసారి చిరాకు వచ్చింది. నీళ్ళలోకి ఒక గులకరాయి విసిరారు. ముప్ఫయ్యేళ్ళుగా కడుతున్న లెక్క, ఎక్కడ జారిందో, అని గొణిగారు. కొంతసేపటికి తగ్గి, "అయితే నాదీ తప్పే. గుర్తుంచుకో," అన్నారు.

బియ్యం ఆ పూటతో అయిపోయింది. ఇంటికి పోదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు. రాత్రికి జాడీ అడుగున మిగిలిన ఆవకాయ ముక్కలు చెరి ఒకటి చప్పరించి పడుకున్నారు.

పాడ్యమి తెల్లవారుజామున పేరిశాస్త్రి కొత్త రెల్లుపూలు కోసి, కలశం నింపి, నీటి అంచున నిలబడ్డాడు. తూర్పు ఇంకా తెల్లబడలేదు. మంచుపొర మీద, జానెడెత్తున, ఎర్రగా ఏదో వణికింది. దీపమేమోననుకున్నాడు. అటు ఊరు లేదు. చూస్తుండగానే ఎరుపు తగ్గి తెల్లబడింది. నిలబడింది. నీళ్ళలో దాని కింద సన్నని గీత ఒకటి మెరిసింది.

పేరిశాస్త్రి వెనక్కి వచ్చి, కూర్చుని ఉన్న గురువుగారి చెయ్యి పట్టుకుని లేవదీశాడు. ఇద్దరూ మోకాలిలోతు నీళ్ళలోకి దిగారు. పేరిశాస్త్రి ఆయన చూపుడువేలు పట్టుకుని పైకెత్తాడు. కొంచెం ఎడమకు జరిపి ఆపాడు.

గురువుగారు ఆ వేలు కదపకుండా చాలాసేపు నిలబడ్డారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

తెల్లవారిపోతోందని పేరిశాస్త్రికి భయం వేసింది. కలశం అందుకున్నాడు. ఇంటి కట్టు గుర్తొచ్చి తటపటాయించాడు. చూసింది తనే, పోయాల్సిందీ తనే. నాలుగో ఏడు కూడా ఈయన ఉత్త చేతులతో నిలబడాలా?

"గురువుగారూ, నేను పొయ్యనా?"

ఆయన రెండో చెయ్యి చాచి కలశానికి అటువైపు పట్టుకున్నారు.

"నేనూ చూశాను కదరా. ఇద్దరం పోద్దాం."