ఓబులేసు రాసిన 'లేవు'

రాయలసీమలోని ఒక పశువ్యాధుల పరీక్షాశాలలో ఓబులేసు అనే ఉద్యోగి ఉండేవాడు; ఇరవై ఏళ్లు మైక్రోస్కోపులో చూసి చూసి, తన కంటికి ఆననిది లోకంలోనే లేదని నమ్మేవాడు. ఆ మధ్య తోటి ఉద్యోగిని షాహిదా ఒక కొత్త సీసా తెప్పించింది. అందులో యాంటీబాడీలున్నాయి. ఒకే ఒక్క రకం క్రిమిని వెతికి అంటిపెట్టుకోవడం వాటి పని.

"కళ్లున్నవాడికి చేతికర్ర ఎందుకమ్మా?" అని ఓబులేసు ఆ సీసాను ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టేశాడు.

ఒకరోజు కుళ్లాయమ్మ అనే మేకల కాపరి వచ్చింది. ఆమెకున్న ఆస్తల్లా పదహారు మేకలు. దగ్గి దగ్గి రెండు చచ్చాయి. పశువుల డాక్టరు చచ్చినదాని ఊపిరితిత్తుల్లోని నీరు తీసి ఆమె చేతికిచ్చి పంపాడు. ఓబులేసు ఒక చుక్కను గాజు పలక మీద వేసి, రంగు పట్టించి చూశాడు. ఏమీ కనబడలేదు. "క్రిములు లేవు" అని రాసి సంతకం గీకాడు.

ఆ కాగితం చూసి డాక్టరు ఇది చలిగాలి దెబ్బే అనుకున్నాడు. మేకల్ని వెచ్చగా ఉంచమన్నాడు. కుళ్లాయమ్మ అన్నిటినీ ఒకే కొట్టంలోకి తోలింది. వారం తిరిగేసరికి ఇంకో ఎనిమిది పోయాయి.

ఆమె మళ్లీ డాక్టరు చేత నీరు తీయించుకుని వచ్చింది. ఏడవలేదు. "లేవని రాసిస్తిరి కదా సామీ. మరి నా మేకల్ని తినిందేంది?" అంది.

షాహిదా సీసా బయటికి తీసింది. పాలలాంటి ఆ యాంటీబాడీల చుక్కలో కుళ్లాయమ్మ తెచ్చిన నీరు కలిపి, పలకను అటూ ఇటూ వంచింది. చూస్తుండగానే అది విరిగిన పాలలా పలుకులు కట్టింది; యాంటీబాడీలకు వాటి క్రిమి దొరికింది.

"ఇది ఒంటికి గోడలేని క్రిమి సార్. మన రంగు పట్టేది ఆ గోడకే. గోడే లేని ఇంటికి సున్నం ఎక్కడ కొడతాం?" అంది షాహిదా.

జబ్బేమిటో తెలిశాక మందూ తెలిసింది. మిగిలిన ఆరు మేకలు బతికాయి.

"'నాకు కనపడలేదు' అని రాసింటే ఇంగో చోటికి పోయిందును సామీ. లేవంటిరి, నమ్మితి," అంది కుళ్లాయమ్మ.

ఓబులేసు సిగ్గుతో తల దించుకున్నాడు. ఆనాటి నుంచి పలక ఖాళీగా ఉంటే "నాకు కనబడలేదు, వేరే పరీక్ష చేయాలి" అని రాసేవాడు. నాలుగు మాటలు ఎక్కువ రాసినందుకు అతని చెయ్యేమీ అరిగిపోలేదు.

నీతి: మనకు కనబడనంత మాత్రాన లేదనకూడదు. తెలియదని ఒప్పుకున్నవాడి వల్ల కాదు, తెలియకుండానే లేదన్నవాడి వల్లే కొంపలు మునుగుతాయి.