పొంగిన బీరు, ఎత్తిన కప్పు

గవరయ్యకి తన ఇంటి తెలివి మీద మహా గురి. "పంచాయతీలోని బుర్రలన్నీ తక్కెడలో ఒకవైపు, మన మూడు బుర్రలూ ఒకవైపు పెడితే మనదే మొగ్గుతుంది" అనేవాడు. ఆ మూడూ తనది, భార్య నూకాలుది, తమ్ముడు దాలయ్యది.

ముగ్గురికీ తమ ఊరు గుమ్మడాం కబడ్డీ జట్టంటే ప్రాణం. జట్టేమో మూడేళ్ళుగా ఫైనల్లో ఓడుతోంది. ఓడినప్పుడల్లా ఆ ఇంట్లో రెండ్రోజులు పొయ్యి వెలగదు.

ఈ ఏడూ ఫైనల్‌కి వచ్చారు. పొద్దున్నే కెప్టెన్ ఈశ్వర్రావు రెండు పెట్టెల బీరు తెచ్చి దింపాడు. "బాబాయ్, ఈసారి మనదే! సాయంత్రం బీరు పొంగాలి. చికెన్ సిక్స్టీ ఫైవ్ కూడా ఉండాలి" అని చెప్పి పోయాడు.

"బీరు పొంగాలంటే ఎలాగే?" అన్నాడు గవరయ్య.

"పొంగించడం నాకు తెలీదేటి మావా? ఎన్ని గృహప్రవేశాల్లో పాలు పొంగించాను!" అంది నూకాలు.

అంతే. మూడు ఇటుకలు పేర్చి, గుండిగకి పసుపు రాసి, బీరంతా పోసి మంట పెట్టింది. బుస్సున పొంగింది. ముగ్గురూ దణ్ణం పెట్టుకున్నారు. పొంగినదాన్ని ఊరికే వదిలేస్తారా? బియ్యం పోసింది, బెల్లం కొట్టింది, శేరు నెయ్యి గుమ్మరించింది. గవరయ్య గరిటెడు రుచి చూసి కళ్ళు తేలేశాడు.

"కాస్త చేదుగా ఉందే. ఇంకో అచ్చు బెల్లం పడెయ్."

ఆ బీరు పాయసాన్ని గుండిగతో సహా మైదానానికి మోసుకెళ్ళారు. ఇంతలో దాలయ్య బండినిండా కోళ్ళ గంపలతో దిగాడు.

"ఊరంతా బతిమాలినా అరవై మూడే దొరికాయన్నా! రెండు బాతుల్ని కలిపి అరవై ఐదు చేశాను."

"బాతుల్ని మధ్యలో దాచు. ఈశ్వర్రావు కనిపెట్టేస్తాడు" అన్నాడు గవరయ్య గుసగుసగా.

ఆట ఆఖరి నిమిషానికి వచ్చింది. గుమ్మడాం ఒక్క పాయింటు వెనక. సరిగ్గా కనపడక గవరయ్య గంపలెక్కి నిలబడ్డాడు. ఇంకేముంది, గంపలు ఫెళఫెళ విరిగి అరవై ఐదూ మైదానంలోకి దూకాయి. రిఫరీ ఈల ఊది ఆట ఆపాడు. జనం కోళ్ళని తరుముతుంటే ఈశ్వర్రావు రొప్పుతూ వచ్చాడు.

"బాబాయ్, ఆఖరి కూత నాదే. నోరు పిడచకట్టుకుపోయింది. కాస్త గొంతు తడుపు!"

గవరయ్య చుట్టూ చూశాడు. తడిగా ఉన్నది పాయసం ఒక్కటే. చెంబుతో ముంచి గొంతు మీద, భుజాల మీద, వీపు మీద కుమ్మరించాడు.

"తడిసిందా నాయనా?"

పాయసం ఇంకా వేడి మీదుంది. ఈశ్వర్రావు కెవ్వుమన్నాడు. ఈల మోగగానే ఆ మంటతోనే "కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలికి దూకాడు. ఆరుగురు మీదపడ్డారు. ఒళ్ళంతా నెయ్యి, పట్టు చిక్కితేగా! చేపలా జారి గీత మీద వాలాడు. ఆరు పాయింట్లు!

"కప్పు మనదే!" అని మైకులో అరుపులు.

గవరయ్యని తిట్టాలో కౌగిలించుకోవాలో ఈశ్వర్రావుకి తెలీలేదు. చివరికి "బాబాయ్, నువ్వు ముందెళ్ళు. మేం బాజాలతో ఊళ్ళోకి రాగానే కప్పు పైకెత్తి అందరికీ చూపించాలి. ఆ గౌరవం నీకే!" అన్నాడు.

గవరయ్య ఆనందంతో పరిగెత్తాడు. తమ్ముడితో కలిసి ఇంటి చుట్టూ వాసాల కట్లు కోశాడు. ఇరవై మంది ఇరుగుపొరుగుని పిలిచాడు. బాజాలు వినపడగానే అందరూ "హైలెస్సా" అన్నారు.

వెండి కప్పు చంకన పెట్టుకుని వీధి మలుపు తిరిగిన ఈశ్వర్రావు కొయ్యబారిపోయాడు. గవరయ్య ఇంటి తాటాకు కప్పు గాల్లో ఊగుతోంది. కింద నూకాలు మంచమెక్కి చేతులూపుతోంది.

"ఈశ్వర్రావూ! అందరికీ కనిపిస్తోందా, ఇంకాస్త ఎత్తమంటావా?"