తోడేలు చెప్పించిన మాట

చింతలవాగు అడవిలో కాపలా పని తోడేళ్లది. వాటి పెద్ద పోతప్ప. ఏ నేరం జరిగినా పొద్దుగూకేలోపు నేరస్థుణ్ణి పట్టి తెస్తాడని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి, అసలువాడు దొరక్కపోతే దొరికినవాణ్ణి తెచ్చేవాడు.

ఒక వానాకాలం, వరద తీసిన మర్నాడు నేరేడు రేవులో దుప్పిపిల్ల శవం కనిపించింది. పొట్టలో లోతైన పోటు. దగ్గర్లో మైలడనే ఎద్దు మేస్తున్నాడు. ఊళ్లో కాడి మోసి మోసి, ముసలితనంలో భార్య కపిలతో అడవికొచ్చి తలదాచుకున్నవాడు. కొమ్ములున్నాయి, వెనకేసుకొచ్చే బంధువులు లేరు. పోతప్పకు అంతకంటే ఏం కావాలి?

మైలణ్ణి ముళ్లపొదల మధ్య కట్టడి చేశారు. నిద్రపోనివ్వలేదు. కాళ్లు కొరికారు. దాహంతో అతని నాలుక పిడచకట్టుకుపోతుంటే ఎదురుగా నిలబడి వాగు నీళ్లు తాగారు. చంపానని చెబితే నీళ్లిస్తామన్నారు. చివరికి మైలడు చెప్పాడు. ఎక్కడ చంపాడో, ఎలా చంపాడో పోతప్ప ముక్క ముక్కా అందిస్తుంటే, ముక్క ముక్కా తిరిగి అప్పజెప్పాడు. అడవిలో తీర్పులు చెప్పే చిరుత ఆ మాటే పట్టుకుని, అమావాస్యకు మైలణ్ణి కొండచరియ మీంచి తోసెయ్యమని తీర్పిచ్చింది.

ఆ తీర్పు మీద ఏనుగు పెద్దమ్మ దగ్గర మొరపెట్టుకునే దారి ఒకటుంది. కపిల పోయి నక్క సుబ్బుల్ని బతిమాలింది. వాదనలో సుబ్బులికి పేరుంది. అది మంచిపేరు కాదు గానీ, పేరైతే ఉంది.

"ఆయన ఒంటిమీద గాయాలు చూపిద్దాం అన్నా," అంది కపిల.

"చూపిద్దాం. కానీ రాళ్లమీద పడ్డాడంటాడు పోతప్ప. పొగడ్తకు లొంగని తోడేలు లేదమ్మా. నేను వాణ్ణి పొగుడుతాను, నువ్వు చూస్తూ ఉండు."

తర్వాత సుబ్బులు చచ్చిపోయిన పిల్ల తల్లి దగ్గరికి వెళ్లాడు. హంతకుడి తరఫువాడని ఆమె మొదట మొహం తిప్పుకుంది. సుబ్బులు వాదించలేదు. ఆ రోజు ఏం జరిగిందమ్మా అని మాత్రం అడిగి, చెప్పినంతసేపూ విన్నాడు.

విచారణ రోజున అడవంతా వచ్చింది. మైలడు కుంటుకుంటూ వచ్చి తలొంచుకు నిలబడ్డాడు. గాయాల సంగతి ఎత్తగానే పోతప్ప నవ్వి, ముసలెద్దు రాళ్లమీద జారిపడిందన్నాడు. సుబ్బులు ఒప్పుకున్నట్టే తలాడించి, పోతప్ప తెలివిని పొగడ్డం మొదలుపెట్టాడు. ఇంత మొండి ఎద్దు చేత నిజం చెప్పించడం మాటలా అన్నాడు. పోతప్ప ఛాతీ ఉబ్బింది.

"మరి చంపింది నేరేడు రేవులో అన్న సంగతి మీరెవరైనా అతనికి చెప్పారా?" అన్నాడు సుబ్బులు.

"ఒక్క ముక్క చెప్పలేదు. అంతా వాడి నోటి నుంచే వచ్చింది."

"ప్రతి మాటా నిజమే?"

"నిజమే. చంపినవాడికి కాక ఎవరికి తెలుస్తుంది?"

సుబ్బులు పక్కకు తప్పుకుని తల్లిదుప్పిని ముందుకు రమ్మన్నాడు.

"నా బిడ్డ పోయింది రేవులో కాదు," అందామె. "ఎగువన రాళ్లగుట్ట దగ్గర. కేక విని పరుగెత్తాను. అప్పటికే వరదలో పడిపోయింది. ఒడ్డు వెంబడి రేవుదాకా పరుగెత్తాను, అందలేదు. ఇదంతా పోతప్పకు చెప్పబోతే, ఏడుపాపి ఇంటికి పొమ్మన్నాడు. ఎద్దే ఒప్పుకుందన్నారని నేనూ నమ్మాను."

సుబ్బులు పెద్దమ్మ వైపు తిరిగాడు.

"చంపినవాడైతే ఎక్కడ చంపాడో తెలియాలి. రేవులో చంపారనుకున్నది శవాన్ని అక్కడ చూసిన కాపలావాళ్లు. వాళ్ల పొరపాటు ఈ ఎద్దు నోట్లోకి ఎలా వచ్చింది తల్లీ?"

ఎద్దు అబద్ధమాడి ఉంటుందని పోతప్ప గొణిగాడు. ప్రతి మాటా నిజమని ఇప్పుడే కదా అన్నావని పెద్దమ్మ గుర్తుచేసింది. తర్వాత నింపాదిగా లేచి, ఆ ఒప్పుకోలు చెల్లదని, మైలడు నిర్దోషని, రాళ్లగుట్ట దగ్గర కొత్తగా వెతకమని చెప్పింది. వెతికే పని తోడేళ్లకివ్వలేదు.

మైలడు తిన్నగా తల్లిదుప్పి దగ్గరికి వెళ్లాడు.

"నా నోటితోనే అన్నాను తల్లీ, నీ బిడ్డను చంపానని."

"అన్నది నువ్వు కాదులే నాయనా," అందామె.

ముళ్లపొదల్లో ఈ ఎద్దును కొరికిందెవరని పెద్దమ్మ తోడేళ్లను అడిగింది. పెద్ద చెయ్యమంటేనే చేశామని అవన్నీ పోతప్పను చూపించాయి. మీరే సరదాపడి కొరికారని పోతప్ప వాటి మీదికి తోశాడు. ఎవరూ వాటిమీద చెయ్యి వెయ్యలేదు, నీళ్లు ఆపలేదు. చీకటిపడకముందే ముళ్లపొదల్లో జరిగిందంతా బయటికొచ్చింది.

కొట్టి చెప్పించిన మాటలో కొట్టినవాడికి తెలిసిందే ఉంటుంది, జరిగింది ఉండదు.